గీత చూపిన చోటికే పువ్వు చేరాలి

ప్లే స్టోర్‌లో బబుల్ షూటర్ అని టైపు చేసి చూడండి. ఎంత కిందికి జరిపినా జాబితా తరగదు. పైన రంగు బుడగల గుత్తులు, కింద ఒక ఫిరంగి, ఒకే రంగువి మూడు కలిస్తే పేలిపోవడం. పక్కన నిలబడే బొమ్మ మాత్రం మారుతూ ఉంటుంది. ఒకదాంట్లో పిల్లి, ఇంకొకదాంట్లో పాండా, వేరొకదాంట్లో మంత్రగత్తె. ఇంత రద్దీలోకి మరొక ఆటను తీసుకురావడం అవసరమా అని మా అన్నయ్య మొదలుకొని హైదరాబాద్ కొలువులో నా పక్కన కూర్చున్న స్నేహితురాలి వరకు అందరూ అడిగారు. అవసరమేనని నా నమ్మకం. ఎందుకో వివరంగా రాయాలనిపించింది.

ఆట పేరు ‘సిబ్బి’. సిబ్బి అంటే బతుకమ్మ పూలను పేర్చే వెదురు పళ్లెం. హనుమకొండ కుమార్‌పల్లిలో మా ఇంటి మేడ మీది గదిలో ఒక్కదాన్నే కూర్చుని తయారు చేస్తున్నాను. నెలలో సగం రోజులు ఇతరుల యాప్‌లకు పని చేసి ఖర్చులకు సంపాదించుకుంటాను. మిగతా సగం ఈ ఆటది. గోడో అనే ఇంజిన్, అంటే ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్, వాడుతున్నాను. అర్జెంటీనాలో ఇద్దరు మొదలుపెట్టిన ఆ ఇంజిన్ కోడ్ 2014 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. ఎవరి అనుమతీ అక్కర లేకుండా పని చేసుకోవచ్చు. నాలాంటి వారికి అది చాలా పెద్ద ఆసరా.

ఈ తరహా ఆట వయసు 30 ఏళ్లు దాటింది. 1994లో జపాన్ సంస్థ టైటో ‘పజిల్ బాబుల్’ అనే పేరుతో, నాణెం వేసి ఆడే యంత్రాల కోసం దీన్ని తెచ్చింది. 1986 నాటి తమ ‘బబుల్ బాబుల్’లోని చిన్న డైనోసార్లనే ఇందులో బుడగలు విసిరే పనిలో పెట్టింది. 1996లో కంప్యూటర్ల మీదికి ‘స్నూడ్’ వచ్చింది. పాములా పాకుతూ వచ్చే గోళీల వరుసను కొట్టే దాయాది ఆట 1998లో ‘పజ్ లూప్’గా పుట్టి, 2003లో ‘జూమా’తో ఇంటింటికీ చేరింది. 2011లో ఫేస్‌బుక్‌లో మంత్రగత్తెల ఆట ‘బబుల్ విచ్ సాగా’, ఆ తర్వాత ఫోన్లలో వచ్చినదంతా మీకు తెలిసిందే.

నేను మొదట ఆడింది వీటిలో ఏదీ కాదు. ఇంజినీరింగ్ చదివేటప్పుడు మా ల్యాబులో లినక్స్ కంప్యూటర్లు ఉండేవి. వాటిలో ‘ఫ్రోజెన్ బబుల్’ ఉండేది. మంచు ప్రపంచం, బుడగలు విసిరే పెంగ్విన్లు. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాబట్టి కోడ్ తెరిచి చదవవచ్చు. పెర్ల్ భాషలో రాసిన ఆ కోడ్‌ను చదువుతుంటే, తెర మీద అంత సరదాగా కదిలే ఆట వెనుక ఇంత చిన్న లెక్క ఉందా అని ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు.

ఇంతమంది ఇన్నేళ్లుగా ఆడుతున్న ఆటలో కొత్త హంగులు చేర్చాలని నేను అనుకోలేదు. గురి పెట్టడం, గోడకు కొట్టి మలుపు తిప్పడం, ఒకటి ఊడితే దాన్ని పట్టుకుని వేలాడేదంతా జలజలా రాలడం. సుఖమంతా ఈ మూడింటిలోనే ఉంది. నాకు కావలసింది ఒక్కటే. ఆడే మనిషికి తన గురి మీద నమ్మకం కుదరాలి. గెలిస్తే తన చెయ్యి వల్ల గెలవాలి, ఓడితే తన చెయ్యి తప్పడం వల్లనే ఓడాలి. ఈ రద్దీలో ఆ నమ్మకాన్ని చివరిదాకా నిలబెట్టే ఆటకు చోటుందని నా ఉద్దేశం.

బుడగల బదులు పూలు పెట్టాలన్నది మొదటి నుంచీ ఉన్న ఆలోచన. కాగితం మీద రెండు రకాలుగా గీసి అమ్మకు చూపించాను. ఒకదాంట్లో పైనుంచి వేలాడే బతుకమ్మను పూలతో కొట్టి విడదీయాలి. రెండో దాంట్లో పైన పూలతోట ఉంటుంది, అందులో కలిసిన పూలు కిందికి దిగి సిబ్బిలో చేరతాయి. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ రెండు కాగితాలూ చూసింది. మొదటిదాన్ని పక్కకు నెట్టేసింది.

“పేర్చిన బతుకమ్మను కొడతారా బిడ్డా? పేర్చడమే కదా పండుగ,” అంది. కాసేపాగి, “పూలు నేల మీద పడనీయకు. సిబ్బిలోనే పడాలి,” అని కూడా చెప్పింది.

ఆ రెండు మాటలతో ఆట నడకే మారిపోయింది. మామూలు ఆటలో బుడగ పేలగానే దాని కథ ముగుస్తుంది. ఇక్కడ పువ్వు కథ అక్కడే మొదలవుతుంది. మూడు బంతిపూలు కలిస్తే అవి విడివడి, గాలిలో కాస్త ఊగి, సిబ్బి అంచున వరుసగా కూర్చుంటాయి. తర్వాత ఏ పూలు దించితే అవి వాటి పక్కన. చుట్టు పూర్తయితే పైన కొత్త చుట్టు. అంటే ఏ రంగును ముందు తీయాలి, ఏది తర్వాత తీయాలి అన్న ఆలోచన ఆటలోకి వచ్చింది. ఎలా కొట్టినా మెట్టు (లెవెల్) దాటవచ్చు. కానీ ఆలోచించి కొట్టినవారి బతుకమ్మలో తంగేడు ఒక చుట్టు, గునుగు ఒక చుట్టు, కట్లపూలు ఒక చుట్టు నిండుగా వస్తాయి. ఆత్రంగా కొట్టినవారిది కలగాపులగంగా వస్తుంది. అదీ అందంగానే ఉంటుంది. దానికి మార్కులు తగ్గించను.

చివరన శిఖరం మీద పసుపు గౌరమ్మ తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. ఆమెను గురి పెట్టడానికి గానీ వేలితో జరపడానికి గానీ వీలుండదు. ఇది అమ్మ అడగలేదు, నేనే పెట్టుకున్న నియమం.

అధ్యాయాలు 9. ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు. అందుకని ఆరో అధ్యాయంలో సిబ్బి ఉండదు, గురి తప్పిందా లేదా అన్న లెక్కా ఉండదు. తోటలో నచ్చినన్ని పూలు కొట్టుకుంటూ గోడ మలుపులు సాధన చేసుకోవచ్చు, అంతే. సరిగ్గా ఆట కఠినమయ్యే చోట ఆడేవారికి ఊపిరి పీల్చుకునే వీలు దొరికింది. ఎంత బుర్ర చించుకున్నా ఇంత మంచి విరామాన్ని ఇంత సరైన చోట పెట్టగలిగేదాన్ని కాదు. పండుగే నేర్పింది.

ఇక గీత సంగతి. వేలు ఆనించగానే పువ్వు వెళ్లబోయే దారి చుక్కల గీతగా కనిపిస్తుంది. చాలా ఆటల్లో ఉండేదే. నేను ఎక్కువ కాలం గడిపింది దీని మీదనే.

కదలికను తెర మారినప్పుడల్లా కొంచెం కొంచెంగా లెక్కించడం సులువైన పద్ధతి. సెకనుకు 60 సార్లు తెర మారితే ఒక్కో మార్పుకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. పువ్వును అంతంత మేర జరుపుతూ, దేనికైనా తగిలిందా అని చూస్తూ పోవాలి. మంచి ఫోనులో బాగానే ఉంటుంది. పాత ఫోను వేడెక్కి సెకనుకు 30 సార్లే మార్చగలిగినప్పుడు పువ్వు ఒక్కో అంగకు రెట్టింపు దూరం దూకుతుంది. గోడను తాకవలసిన చోటు దాటిపోయాక గానీ తాకినట్టు తెలియదు. సందులో దూరవలసింది పక్క పువ్వుకు అతుక్కుంటుంది. గీత ఒకటి చెప్పింది, పువ్వు ఇంకొకటి చేసింది. ఆడేవారికి కారణం తెలియదు, ఎక్కడో మోసం జరిగిందని మాత్రం మనసుకు తెలిసిపోతుంది.

అందుకని నా ఆటలో పువ్వు బయలుదేరకముందే దారి మొత్తం తేలిపోతుంది. వేలు తీసిన క్షణంలో ఒకే ఒక్క లెక్క జరుగుతుంది. ఏ గోడకు ఎక్కడ తగులుతుంది, ఏ కోణంలో తిరుగుతుంది, మొదట ఏ పువ్వును తాకుతుంది, చివరకు ఏ గడిలో కూర్చుంటుంది అన్నవన్నీ అందులోనే ఉంటాయి. తెర మీద కనిపించే ప్రయాణం ఆ జవాబును చూపించడమే. చుక్కల గీతను గీసేదీ అదే లెక్క. రెండింటికీ వేర్వేరు కోడ్ లేనే లేదు కాబట్టి అవి విభేదించే అవకాశం లేదు. ఫోను ఎంత నెమ్మదిగా నడిచినా పువ్వు నెమ్మదిగా కనిపిస్తుందేమో గానీ దారి మారదు.

గడుల అమరిక తేనెపట్టులా ఉంటుంది. ఒక వరుసలో 9 పూలు, దాని కింద సగం పువ్వు జరిగి 8, మళ్లీ 9. ప్రతి పువ్వుకూ ఆరు పొరుగులు. వరుసల మధ్య ఎత్తు పువ్వు వ్యాసానికి 0.866 రెట్లు, ఎందుకంటే ఒకదానికొకటి ఆనుకున్న మూడు పూల కేంద్రాలు కలిపితే సమబాహు త్రిభుజం వస్తుంది. పదో తరగతి లెక్కే. పువ్వు అతుక్కోగానే దాని ఆరు పొరుగులను, వాటి పొరుగులను చూసుకుంటూ పోయి ఒకే రంగు గుంపును పట్టుకోవాలి. తర్వాత పై వరుస నుంచి మొదలుపెట్టి దేనికి దేనితో పట్టు ఉందో చూసుకుంటూ దిగాలి. ఆ నడకలో అందనివన్నీ పట్టు తప్పినవి, అవి రాలాలి. ఒక్క దెబ్బకు పెద్ద గుత్తి మొత్తం కదిలి సిబ్బిలోకి దిగడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇంకొక చిన్న సవరణ కూడా ఉంది. ఎగిరే పువ్వును లెక్కలో కంటికి కనిపించే దానికన్నా కాస్త చిన్నదిగా తీసుకుంటాను. 100 పాళ్లలో 82. రెండు పూల మధ్య సందు కంటికి సరిపోయేట్టు కనిపించినప్పుడు పువ్వు అందులో దూరాలి. కచ్చితమైన కొలతతో వెళితే అంచు రాసుకుని ఆగిపోతుంది, ఆడేవారికి అది అన్యాయంగా తోస్తుంది. ఇక్కడ నేను కంటి పక్షం.

వేలి సంగతి రైల్లో తెలిసింది. పని మీద సికింద్రాబాద్ వెళ్లినప్పుడల్లా ఉదయం కాజీపేటలో రైలెక్కుతాను. బోగీలో సగం మంది నిలబడే ఉంటారు. ఒక చేత్తో పై కడ్డీ, రెండో చేతిలో ఫోను, బొటనవేలితోనే ఆట. ఒకసారి పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడకు సిబ్బి ఇచ్చి ఆడమన్నాను. జాగ్రత్తగా గురి చూసుకుంటుంది, గీత సరిగ్గా తంగేడు గుత్తి మీదే ఉంటుంది, వేలు తీయగానే పువ్వు పక్క గడిలో పడుతుంది. రఘునాథపల్లి దాటేదాకా ఆమె బొటనవేలినే చూస్తూ నిలబడ్డాను. వేలిని తెర మీది నుంచి ఎత్తేటప్పుడు అది నిటారుగా లేవదు. కొస కొద్దిగా దొర్లుతుంది. ఆ దొర్లుడును ఫోను కొత్త గురిగా తీసుకుంటోంది. ఆమె తప్పేమీ లేదు.

ఇంటికి వచ్చి మార్చాను. ఇప్పుడు వేలు లేచిన క్షణం నాటి గురిని ఆట పట్టించుకోదు. దానికి 60 మిల్లీసెకన్ల ముందు వేలు ఎక్కడ నిలిచి ఉందో అదే అసలు గురి. ఎవరికీ తేడా తెలియదు, పువ్వు మాత్రం అనుకున్న చోట పడుతుంది. జనగామ, ఆలేరు మధ్య సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి నెట్ లేకుండానే ఆట మొత్తం నడవాలన్నది కూడా ఆ ప్రయాణాల్లోనే గట్టిగా నిర్ణయించుకున్నాను.

తర్వాతి పువ్వు ఏ రంగుదో నిర్ణయించే పద్ధతి నాకు అన్నిటికన్నా ముఖ్యం. 5 రంగులున్న మెట్టులో ప్రతిసారీ చీటీ తీసినట్టు రంగు ఎంచితే, కావలసిన రంగు వరుసగా 8 పూలదాకా రాకపోవడానికి దాదాపు 17 శాతం అవకాశం ఉంది. ఆరుసార్లలో ఒకసారి! ఆడేవారు ఎంత బాగా ఆలోచించినా ఆ నిరీక్షణలో వారి ప్రమేయం ఉండదు. చాలా ఆటల్లో సరిగ్గా అప్పుడే ఒక కిటికీ తెరుచుకుంటుంది: ఇంకొక్క అవకాశం కావాలా, ఐదు బంతులు కొనుక్కోండి, లేదా ప్రకటన చూడండి. ఆ కిటికీ నా ఆటలో ఉండకూడదని మొదటి రోజే తీర్మానించుకున్నాను. మనిషి ఆశ మీద ధర కట్టడం నాకు సమ్మతం కాదు.

టెట్రిస్ ఆటలో వాడే సంచి పద్ధతినే నేను తీసుకున్నాను. 5 రంగులూ ఒక్కొక్కటి సంచిలో వేసి, కలిపి, ఒక్కొక్కటిగా తీయడం. అయిపోతే మళ్లీ నింపడం. ఇలా చేస్తే ఒకే రంగు రెండుసార్లు రావడానికి మధ్యలో 8 కన్నా ఎక్కువ పూలు అడ్డు రావు, ఎప్పటికీ. తోటలో అయిపోయిన రంగును సంచిలోంచి కూడా తీసేస్తాను. చేతిలో ఉన్నదే కాక తర్వాతి రెండు పూలు కూడా పక్కన కనిపిస్తాయి. ఈ పద్ధతి ఏమిటో ఆటలోనే, సహాయం పేజీలో రాసి పెట్టాను. ఆడేవారికి తెలియకుండా దాచవలసినది ఇందులో ఏమీ లేదు.

ఫోను ఆట చేస్తున్నానంటే మా వీధిలో కొందరు ముఖం చిట్లించేవారు. డబ్బు పెట్టి ఆడే ఆట అనుకుంటారు. తెలంగాణ 2017లోనే డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా ఆ ఆటల్లో ఇళ్లు గుల్లయిన కథలు మనుషుల మనసుల్లో ఉన్నాయి, వారి భయాన్ని నేను తప్పుపట్టను. నా ఆటలో మొదటి మూడు అధ్యాయాలు ఉచితం. నచ్చితే ఒకేసారి 79 రూపాయలు కట్టి మిగతావి తెరుచుకోవచ్చు. ఆ తర్వాత అడిగేదేమీ లేదు.

రంగుల విషయంలో మా అక్క భర్త సాయపడ్డారు. బావకు ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా సరిగా తెలియదు. ఆకుపచ్చ రంగద్దిన గునుగు, నారింజ బంతి ఆయన కంటికి ఒకేలా ఉన్నాయి. బుడగలైతే గుండ్రంగా ఉంటాయి కాబట్టి రంగు తప్ప వేరే గుర్తు ఉండదు. పూలకు ఆకారం ఉంది. గునుగుకు పొడవాటి కంకి, బంతికి ముద్దగా మడతలు, తంగేడుకు ఐదు రేకులు, సీతజడకు ముడతల అంచు. ఆ ఆకారాలను చిన్న తెర మీద కూడా తెలిసేట్టు దిద్దాక, రంగులన్నీ బూడిదగా మార్చి బావ చేతికిచ్చాను. మొదటి అధ్యాయం ఆగకుండా ఆడేశారు. మధ్యాహ్నం ఎండలో తెర వెలవెలబోయినప్పుడు ఇది అందరికీ ఉపయోగపడుతోంది.

శబ్దాలు తక్కువే. చవక ఫోను స్పీకరులో బరువైన శబ్దం వినిపించదు, అందుకే ఢమఢమలు పెట్టలేదు. పువ్వు సిబ్బిలో కూర్చున్నప్పుడు వెదురు మీద గోరు తగిలినంత చప్పుడు. అది మా సిబ్బిదే, వంటింట్లో రాత్రిపూట రికార్డు చేశాను. చుట్టు నిండితే ఒక చప్పట్ల వరుస.

ప్లే స్టోర్‌లో ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఇంకొక నిబంధన ఉంది. ఆటను అందరికీ విడుదల చేయాలంటే ముందు కనీసం 12 మంది వరుసగా 14 రోజులు పరీక్షకులుగా చేరి ఉండాలి. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. ఒంటరిగా పనిచేసేవారికి ఇది భారమని చాలామంది అంటారు. నాకు మాత్రం ఇది మేలే చేసింది. అమ్మ, ఆమె భజన బృందంలోని పెద్దమ్మలు, బావ, ఇద్దరు డిగ్రీ విద్యార్థినులు, కిరాణా కొట్టు అన్న, రైల్లో కలిసిన పెద్దావిడ కూడా ఆ జాబితాలో ఉన్నారు. వారిలో ఎవరూ ఆటల గురించి పెద్ద మాటలు మాట్లాడరు. “ఇక్కడ కొడితే అక్కడ పడుతోంది” అనో, “ఈ మెట్టు రెండుసార్లు ఆడాలనిపించింది” అనో చెబుతారు. నాకు కావలసిన సమాచారం అందులో పూర్తిగా ఉంటుంది.

భజన బృందంలో ఒక పెద్దమ్మ నాలుగో అధ్యాయంలో తామరపువ్వు ఎందుకు లేదని అడిగారు. తామరను చుట్టులో పేర్చడం కుదరదు, అది పెద్దది. ఇప్పుడు దాన్ని మూడు గడులు ఆక్రమించే పువ్వుగా పెడుతున్నాను. చుట్టూ ఉన్న పూలన్నీ తీస్తే గానీ అది కదలదు, దిగితే నేరుగా శిఖరం దగ్గర కూర్చుంటుంది. మెట్ల రూపకల్పనలో నాకు బాగా నచ్చిన అంశం ప్రస్తుతం ఇదే.

మిగిలిన పెద్ద పని సద్దుల అధ్యాయం. మా ఊళ్లో సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గరికి వచ్చే బతుకమ్మల్లో కొన్నిటిని మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఎత్తు తెర మీద రావాలంటే వందల పూలు ఒకేసారి గీయాలి, 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోను అక్కడ తడబడుతోంది. నిండిన చుట్లను విడి పూలుగా కాక ఒకే బొమ్మగా మార్చేసి దాచే ప్రయత్నం చేస్తున్నాను. గీత లెక్కకు దీనితో సంబంధం లేదు కాబట్టి గురికి ఢోకా లేదు, తెర సాఫీగా కదలడమే సమస్య. పాత ఫోను వాడుతున్నవారు ఎవరైనా ఈ కూర్పును పరీక్షించగలిగితే కింద రాయండి. ఫోను మోడల్, ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారు, ఆడుతుండగా ఎంత వేడెక్కుతోంది, ఈ మూడు చెబితే చాలు. లింకు పంపిస్తాను.